పాత ఫోటోలకు ఏ స్కానర్ కొనాలి? ముందు సందుగ తెరిచి చూడండి

స్కానర్ కొందామని వెతకడం మొదలుపెట్టగానే ముందు కంట్లో పడేది ఒక అంకె. 2400, 4800, 6400, 7200 అని డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉంటుంది, పక్కన డీపీఐ అని. అంకె ఎంత పెద్దదైతే స్కానర్ అంత మంచిదనుకుంటాం, షాపులో అడిగినా అదే చెప్తారు, ఇంకో రెండు వేలు ఎక్కువ పెట్టి పెద్ద అంకె ఉన్నదే తెచ్చుకుంటాం. తీరా ఇంటికొచ్చి అమ్మానాన్నల పెండ్లి నెగటివ్ పెట్టి చూస్తే నల్లటి పట్టీ తప్ప ఏమీ రాదు. ఎందుకంటే ఆ స్కానర్‌కు ఫిల్మ్ స్కాన్ చేసే ఏర్పాటే లేదు. డబ్బా మీది అంకె అబద్ధమేమీ కాదు, మనకు కావాల్సిన సంగతి దాంట్లో లేదు, అంతే.

అందుకే "ఏది తీసుకోమంటావు అన్నా" అని ఎవరు అడిగినా నేను ముందు స్కానర్ పేరు చెప్పను. మీ దగ్గరున్నవి కడిగిన ఫోటోలా, నెగటివ్‌లా, నెగటివ్‌లైతే ఏ సైజువి అని అడుగుతా. దీనికి జవాబు తెలిస్తే ఆరేడు వేలతో పోయేదా, నలభై వేలు పెట్టాల్సిందా, అసలు పైసా పెట్టక్కర్లేదా అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

సందుగలో ఏముంది?

మన దిక్కు ఇళ్లలో పాత ఫోటోలు ఉండేది గోడ మీది పటాల్లో, బీరువాలోని పెండ్లి ఆల్బమ్‌లో, సజ్జ మీది సందుగలో. మొదటి రెండూ అందరికీ గుర్తుంటాయి. మూడోది ఇల్లు మారేటప్పుడో సున్నం వేయించేటప్పుడో బయటపడుతుంది. అందులో స్టూడియో పేరు అచ్చేసిన కాగితపు కవర్, కవర్ లోపల నాలుగేసి, ఆరేసి ఫ్రేముల చొప్పున కత్తిరించిన ఫిల్మ్ ముక్కలు. రీలు కడిగించినప్పుడు ఫోటోలతోపాటు ఇచ్చినవి. ఫోటోలేమో చుట్టాలు తలా ఒకటి పట్టుకుపోయి ఉంటారు, ఇవి మాత్రం ఎవరికీ అక్కర్లేక అక్కడే పడి ఉంటాయి.

ఒక ముక్కను అంచులతో పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూడండి. రెండు పక్కలా వరుసగా చిన్న రంధ్రాలుంటే అది 35 ఎంఎం ఫిల్మ్, ఒక్కో ఫ్రేము 36×24 మి.మీ. యాషికా ఎంఎఫ్2, కోడక్ కేబీ10 లాంటి కెమెరాలు మామూలు ఇళ్లకు కూడా వచ్చిన కాలం నుంచి దాదాపు అన్నీ ఇవే. రంధ్రాలు లేకుండా, వెడల్పు రెండున్నర అంగుళాలకు కొంచెం తక్కువ ఉంటే అది 120 ఫిల్మ్. అంతకుముందు స్టూడియోల్లో పైన ఒక లెన్సు, కింద ఒక లెన్సు ఉండే యాషికాలు, రోలీఫ్లెక్స్‌లు నడిచేవి, వాటిలో వేసేది ఇదే. ఇంట్లో సొంత కెమెరా ఉన్న కొద్దిమంది దగ్గర మన దేశంలోనే తయారైన అగ్ఫా క్లిక్ 3 ఉండేది, అందులోనూ ఇదే. రీలుకు పన్నెండే ఫోటోలు, ఒక్కొక్కటి 56×56 మి.మీ. ఊటీలోని సర్కారు కంపెనీ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 'ఇందు' పేరుతో అమ్మిన నలుపు తెలుపు ఫిల్మ్ కూడా మీ కవర్‌లో ఉండొచ్చు.

నెగటివ్ పోయి ఫోటో ఒక్కటే మిగిలినా ఒక గుర్తు ఉంది. నాగార్జునసాగర్ డ్యాం ముందు నిలబడో, పాలమూరు పిల్లలమర్రి ఊడలు పట్టుకునో దిగిన ఫోటో మన నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఏ ఇంట్లో వెతికినా ఒకటి దొరుకుతుంది కదా, అది చదరంగా, నలుపు తెలుపులో ఉంటే చాలావరకు 120 మీద తీసిందే. పొడవుగా, రంగుల్లో ఉంటే 35.

నెగటివ్‌లో ఎవరున్నారో తెలుసుకోవడానికి స్కానర్ కూడా అక్కర్లేదు. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద కలర్ ఇన్వర్షన్ అని ఉంటుంది, అది ఆన్ చేసి కెమెరా తెరిచి, తెల్లటి స్క్రీన్ ఉన్న ల్యాప్‌టాప్ ముందు నెగటివ్ పట్టుకుంటే ఫోటో మామూలుగా కనబడుతుంది. రంగులు కొంచెం తేడాగా ఉంటాయి కానీ మనిషిని గుర్తుపట్టడానికి చాలు. కొనే ముందు ఈ పని తప్పకుండా చేయండి. సందుగలో రెండు వందల నెగటివ్‌లుంటే అందులో నిజంగా కావాల్సినవి ముప్పై నలభై తేలతాయి, మిగతావి ఫోటోగ్రాఫర్ ఫ్లాష్ సరిచూసుకుంటూ కొట్టినవీ, పెండ్లి పందిట్లో ఎవరో తెలియని వాళ్ల వీపులూ. స్లైడ్లు, అంటే రంగులు తిరగబడకుండా బొమ్మ మామూలుగానే కనబడే ఫిల్మ్ ముక్కలు, మన ఇళ్లలో చాలా తక్కువ, ఉంటే 35 నెగటివ్‌కు చెప్పిందే వాటికీ వర్తిస్తుంది.

కడిగిన ఫోటోలకు 600 చాలు

డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలుగా ఫోటోను చదువుతుందన్న లెక్క. పోస్టుకార్డు సైజు, అంటే 4×6 అంగుళాల ఫోటోను 300లో స్కాన్ చేస్తే 1200×1800, సుమారు 21 లక్షల పిక్సెళ్లు. 600లో చేస్తే 86 లక్షలు. మామూలుగా స్టూడియోలో కడిగిన ఫోటో కాగితం మీద ఉండే వివరం 300కు అటూఇటూ వచ్చేస్తుంది. అయినా 600 ఎందుకంటే, కొంచెం వెసులుబాటు ఉంటుంది, రేపు పెద్దది చేయించినా చుక్కలు లేవవు. 1200కు పోతే వచ్చేది కాగితం గరుకు, దాని మీది దుమ్ము, నాలుగింతల ఫైలు. ఇక 4800 సంగతి చెప్పక్కర్లేదు. గ్లాసుడు నీళ్లు తెచ్చి బిందెలో పోస్తే బిందెడు కావు. పాస్‌పోర్టు సైజు ఫోటోలు, రెండంగుళాల పాత నలుపు తెలుపు ఫోటోలు మాత్రం 1200లో చేయండి, అవి చిన్నవి కాబట్టి.

దీన్ని ఒక ఫోటో మీద పెట్టి చూద్దాం. ఇంట్లో తాత పోయారు, దశదినకర్మకు పటం కట్టించాలి. విడిగా దిగిన ఫోటో లేదు, దొరికింది ఎవరిదో పెండ్లిలో గ్రూప్ ఫోటో, అందులో వెనక వరుసలో తాత. ముఖం నిలువుగా కొలిస్తే 8 మిల్లీమీటర్లు. 600లో స్కాన్ చేస్తే ఆ ముఖానికి దక్కేది 190 పిక్సెళ్లు, అందులోనూ నిజమైన వివరం సగమే. 8×10 పటంలో ముఖం నాలుగంగుళాలు రావాలంటే తక్కువలో తక్కువ ఆరు వందలు కావాలి. డీపీఐ పెంచితే ఆరు వందలు కాదు, పదిహేను వందలు వస్తాయి, కానీ అన్నీ మసకే. ఫోటోలో లేని కన్నూ మీసమూ స్కానర్ తేలేదు. ఇలాంటప్పుడు పనికొచ్చేది ఆ ఫోటో నెగటివ్ దొరికితే అదే, లేదంటే ముఖాన్ని చిన్నగానే ఉంచి పటం కట్టించుకోవడమే.

ఇప్పుడు చాలామంది చేస్తున్నది వేరే. ముఖాలు బాగుచేసే ఏఐ యాప్‌లో వేస్తారు, నిమిషంలో నిగనిగలాడే ముఖం వస్తుంది, కళ్లలో మెరుపు, పళ్లు వరుసగా, చర్మం నున్నగా. చూడ్డానికి బాగుంటుంది, కాకపోతే అది తాత కాదు. యాప్ తనకు తెలిసిన లక్షల ముఖాల్లోంచి ఒకటి అతికించింది. నాయనమ్మకు చూపిస్తే క్షణంలో చెప్పేస్తుంది, ఈయన మీ తాత కాదురా అని. ఆ యాప్‌లు వాడొద్దని అనను, ఫ్లెక్సీకి వాడుకోండి, కానీ అసలు స్కాన్‌ను ముట్టకుండా పక్కన పెట్టండి.

లోపల రెండు రకాలు

ఇంటికి కొనే సమతల స్కానర్లలో, అంటే అద్దం మీద పెట్టి మూత వేసేవాటిలో, లోపల రెండు రకాల ఏర్పాట్లుంటాయి. ఒకటి సీఐఎస్. అద్దానికి ఆనుకుని సన్నటి పట్టీ కదులుతూ చదువుతుంది. పలచగా, తేలికగా ఉంటుంది, వేరే అడాప్టర్ అక్కర్లేదు, ల్యాప్‌టాప్ యూఎస్‌బీ కరెంటుతోనే నడుస్తుంది. కానన్ లైడ్ 300, లైడ్ 400, ఎప్సన్ వీ39 ఈ జాతివే, పది వేల లోపే దొరుకుతాయి. రెండోది సీసీడీ. లోపల అద్దాలు, లెన్సు ఉంటాయి, డబ్బా లావుగా బరువుగా ఉంటుంది, ధర కూడా అంతే.

సీఐఎస్‌తో ఉన్న చిక్కు ఒకటే, దానికి ఫోటో అద్దానికి పూర్తిగా అతుక్కుని ఉండాలి. ఒక మూల మిల్లీమీటరు లేచినా అక్కడ మసక మొదలవుతుంది. విడి ఫోటోలకు ఇది సమస్యే కాదు, మూత మీద ఒక పుస్తకం బరువు పెడితే సరిపోతుంది. కానీ మన ఇళ్లలో సమస్య అంతా పటాలతోనే. గోడ మీద ముప్పై ఏండ్లు ఉన్న పటం వెనక అట్ట విప్పి చూస్తే, వానాకాలపు చెమ్మకు ఫోటో పైపొర కరిగినట్టయి అద్దానికి అంటుకుపోయి ఉంటుంది. గోరు పెట్టి లాగారో, ముఖం అద్దం మీదే ఉండిపోతుంది, కాగితం మీ చేతికొస్తుంది. ఇలాంటివి లాగొద్దు, నీళ్లలో నానబెట్టొద్దు, బ్లేడుతో గీకొద్దు. అద్దంతో సహా అలాగే స్కాన్ చేయాలి. సీసీడీకి కొన్ని మిల్లీమీటర్ల లోతు వరకు స్పష్టంగా కనబడుతుంది కాబట్టి అది ఈ పని చేస్తుంది, సీఐఎస్ చేయలేదు. అట్లాంటి పటం ఒకటో రెండో ఉంటే మాత్రం వాటికోసం సీసీడీ కొనక్కర్లేదు, కెమెరాతోనో ఫోన్‌తోనో పక్కనుంచి వెలుతురు పడేలా పెట్టి తీయొచ్చు. జిగురు పేజీల మీద పారదర్శక కాగితం కప్పే పాత ఆల్బమ్‌ల సంగతీ ఇంతే, ఊడిరాని ఫోటోను పేజీతో సహా పెట్టండి. వీ39కి మూత తీసేసే వీలుంది, లావు ఆల్బమ్‌లకు అది పనికొస్తుంది.

ఇంకో తలనొప్పి సిల్కు కాగితం. ఒకప్పుడు ఫోటో ముట్టుకుంటే వేలిముద్ర పడదని స్టూడియోల్లో సన్నటి గళ్లు గళ్లుగా ఉండే కాగితం మీద వేసిచ్చేవారు. స్కానర్ వెలుతురు ఒక పక్క నుంచే పడుతుంది కాబట్టి ప్రతి గడికీ నీడ పడి, ముఖం మీద దోమతెర కప్పినట్టు వస్తుంది. ఒకసారి నేరుగా, ఒకసారి తలకిందులుగా పెట్టి రెండు స్కాన్‌లు తీసి, ఫోటో సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని మీద ఒకటి సగం సగం కలిపితే చాలావరకు పోతుంది. ఓపిక కావాలి. అంత ఓపిక మంచి ఫోటోల కోసమే పెట్టండి.

అసలు కొనాలా అన్నది కూడా ఆలోచించాల్సిందే. కరోనా టైంలో ఆన్‌లైన్ క్లాసులకని చాలా ఇళ్లలోకి ఆల్ ఇన్ వన్ ప్రింటర్ వచ్చింది. దాని మూత కింద ఉన్నది కూడా సీఐఎస్ స్కానరే, 600లో తీస్తుంది. విడి ఫోటోలు మాత్రమే ఉన్నవాళ్లకు కొత్తది కొనాల్సిన పనే లేదు, ముందు దాంతో పది ఫోటోలు తీసి చూడండి. నీడల్లో వివరం బాగా మునిగిపోతోందనిపిస్తే అప్పుడు లైడ్ గురించి ఆలోచించొచ్చు. ఒకటి గుర్తుపెట్టుకోండి, పైనుంచి కాగితాలు లాక్కునే ఫీడర్‌లో మాత్రం పాత ఫోటో పెట్టొద్దు. ప్రింటర్ కూడా లేకపోతే ఫోన్ ఉంది. గూగుల్ ఫోటోస్కాన్ యాప్ నాలుగు మూలల నుంచి నాలుగు ఫోటోలు తీసుకుని మెరుపు లేకుండా కలుపుతుంది. చుట్టాలింటికి పోయినప్పుడు, ఆల్బమ్ ఇంటికి పంపడానికి వాళ్లు ఒప్పుకోనప్పుడు, దానికి మించింది లేదు.

నెగటివ్‌ల దగ్గరికి వస్తే లెక్క మారుతుంది

ఫోటో మీద వెలుతురు పడి వెనక్కి రావాలి, ఫిల్మ్‌లోంచి వెలుతురు దూరి అవతలికి పోవాలి. ఇంత చిన్న తేడా వల్లే ఏడు వేల స్కానర్ నెగటివ్ ముందు చేతులెత్తేస్తుంది. ఫిల్మ్ తీయాలంటే మూతలో కూడా లైటు ఉండాలి, ఫిల్మ్‌ను అద్దం నుంచి కొంచెం ఎత్తులో పట్టుకునే ప్లాస్టిక్ హోల్డర్ ఉండాలి. ఈ రెండూ ఉన్న సమతల స్కానర్లలో మామూలు మనుషులకు కొంచెం అందుబాటులో ఉండేది ఎప్సన్ వీ600. ముప్పై వేల పైమాటే. 35 ఫ్రేములు ఒక విడతలో పన్నెండు పెట్టొచ్చు, 120కీ హోల్డర్ ఉంది.

ఇక్కడే ఆ అంకె మోసం చేస్తుంది. వీ600 మీద 6400 అని ఉంటుంది. కొలత గీతలున్న చార్టు పెట్టి పరీక్షించినవాళ్లకు నిజంగా వచ్చింది 1500కు కొంచెం పైన. అంటే సెన్సార్ 6400 చుక్కలు చదవగలదు, కానీ లెన్సూ, ఫోకసూ అంత వివరాన్ని దాని దాకా చేర్చలేవు. సరే, 1500తో లెక్కేద్దాం. 35 ఫ్రేము పొడవు 1.4 అంగుళాలు, అంటే వచ్చేది పొడవున 2100 పిక్సెళ్లు, మొత్తం 30 లక్షలు. అదే నెగటివ్‌తో కడిగిన పోస్టుకార్డు ఫోటో దగ్గర నిజంగా ఉన్నది 20 లక్షల పైచిలుకు అని పైన చూశాం. ముప్పై వేలు పోస్తే వివరంలో వచ్చే లాభం ఇంతే! రంగులు మెరుగ్గా రావొచ్చు, స్టూడియోలో అంచులు కోసేసిన భాగం తిరిగి రావొచ్చు, తెల్లగా పేలిపోయిన పంచెల మడతలు మళ్లీ కనబడొచ్చు, ఎందుకంటే నెగటివ్ పట్టుకున్నంత వెలుగునీడలు కాగితం పట్టుకోలేదు. అవన్నీ నిజమే. కానీ వెనక వరుసలో ఉన్న తాత ముఖం మాత్రం దీంతో పెద్దగా మారదు.

120 నెగటివ్ పెడితే కథ వేరు. అది 2.2 అంగుళాల చదరం. అదే 1500లో 3300×3300, కోటీ పది లక్షల దాకా పిక్సెళ్లు. అంత పాత స్టూడియో ఫోటో, నలుపు తెలుపు, గోడంత పెద్దది చేసినా నిలబడుతుంది. పాత తరం నెగటివ్‌లే కొత్తవాటికంటే బాగా రావడం చాలామందికి వింతగా ఉంటుంది, కారణం ఏం లేదు, ఫిల్మ్ పెద్దది. నా మాట అడిగితే, వీ600 లాంటిది 120 నెగటివ్‌లు గుట్టగా ఉన్న ఇంటికే, మరీ ముఖ్యంగా ఒకప్పుడు స్టూడియో నడిపి ఇప్పుడు మూసేసిన కుటుంబాలకే తగినది.

35 మాత్రమే ఉన్నవాళ్లకు ప్లస్‌టెక్ ఆప్టిక్‌ఫిల్మ్ 8100 లాంటి, కేవలం 35 కోసమే చేసిన స్కానర్లున్నాయి. రొట్టె ప్యాకెట్టంత డబ్బా, ఒక్కో ఫ్రేమును చేత్తో ముందుకు జరపాలి. 7200 అని రాసి ఉంటుంది, నిజంగా అందేది మూడు వేల పైన, అంటే వీ600కు రెట్టింపు. అదే తాత ముఖం నెగటివ్ మీద రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు, అయినా దీంట్లో 250 పిక్సెళ్ల దాకా నిజమైన వివరం దక్కుతుంది, కడిగిన ఫోటోలో దొరికేదానికి రెండింతల పైనే. ధర కూడా ముప్పై, నలభై వేల మధ్యలో తిరుగుతుంది. కాకపోతే ఒక మెలిక ఉంది. కేబీ10, ఎంఎఫ్2 రెండూ ఫోకస్ తిప్పే పనిలేని, లెన్సు ఒకేచోట బిగించి ఉండే కెమెరాలు. వాటితో తీసిన నెగటివ్‌లో అంత వివరం మొదట్నుంచీ లేదు, ఈ స్కానర్ వచ్చి బయటికి లాగడానికి. పెండ్లికి వచ్చిన ఫోటోగ్రాఫర్ మంచి ఎస్ఎల్ఆర్‌తో తీసినవైతే పెట్టిన డబ్బుకు ఫలితం కనబడుతుంది.

చిన్న స్క్రీన్ ఉండి, కంప్యూటర్ లేకుండా నెగటివ్ తోయగానే ఫోటో చూపించే బుల్లి యంత్రాలు ఆన్‌లైన్‌లో బాగా కనబడతాయి. లోపల ఉండేది ఫోన్ కెమెరా లాంటి చిన్న సెన్సార్. 22 మెగాపిక్సెల్ అన్నచోట 14ను సాగదీసి 22 చేసేవీ ఉన్నాయి. ఫోటోను నొక్కి చిన్నది చేసే జేపెగ్ తప్ప వేరే ఫైలు ఇవ్వవు, వెలుగు ఎక్కువైనచోట తెల్లబారిపోతుంది. పిల్లలకు చూపించి నవ్వుకోవడానికి, వాట్సాప్ స్టేటస్‌కు బాగానే ఉంటాయి. దాచుకోవడానికి కాదు.

స్కానర్ల ప్రకటనల్లో ఇన్‌ఫ్రారెడ్ దుమ్ము తొలగింపు, డిజిటల్ ఐస్ అనే మాటలు కనబడతాయి. రంగుల ఫిల్మ్‌లోని రంగులు ఇన్‌ఫ్రారెడ్ వెలుతురుకు అడ్డు రావు, దుమ్మూ గీతలూ అడ్డొస్తాయి, అట్లా ఏది దుమ్మో కనిపెట్టి చెరిపేస్తుంది. నిజంగా పనిచేస్తుంది, ఒక్కో ఫోటోకు పావుగంట శ్రమ తప్పుతుంది. వీ600లో ఉంది, ప్లస్‌టెక్‌లో 8100లో లేదు, 8200ఐలో ఉంది. అయితే నలుపు తెలుపు ఫిల్మ్‌లో బొమ్మ అంతా వెండి రేణువులే, వెండి ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపేస్తుంది కాబట్టి యంత్రం తాత ముఖాన్నే దుమ్మనుకుంటుంది. మీ దగ్గరున్నవి ఇందు ఫిల్మ్ నాటివైతే దీనికోసం ఒక్క రూపాయి కూడా అదనంగా పెట్టకండి.

నాకు అన్నిటికంటే నచ్చిన దారి

ముప్పై నలభై నెగటివ్‌ల కోసం ముప్పై నలభై వేలు పెట్టడం నాకు మనసొప్పదు. పెండ్లిళ్లు తీసే ఫోటోగ్రాఫర్ దేవరకొండలోనో, మిర్యాలగూడలోనో, వనపర్తిలోనో మీకు తెలిసినవాళ్లు ఒకరుంటారు. ఉంగరాలు, మెహందీ దగ్గరగా తీయడానికి వాళ్లలో చాలామంది దగ్గర మ్యాక్రో లెన్సు ఉంటుంది, వెలుతురుకు ఎల్ఈడీ ప్యానెల్ ఉంటుంది. ఆ రెండిటితో నెగటివ్ స్కాన్ చేయొచ్చు. ప్యానెల్ పడుకోబెట్టి, దాని మీద పాలలాంటి తెల్ల యాక్రిలిక్ ముక్క, ఆ పైన నెగటివ్, చుట్టూ పక్క వెలుతురు రాకుండా నల్ల కాగితం, పైన నిలువుగా కిందికి చూస్తూ స్టాండుకు బిగించిన కెమెరా. ఫ్రేము నిండా ఫిల్మ్ వచ్చేలా తీస్తే 24 మెగాపిక్సెల్ కెమెరా పొడవున 6000 పిక్సెళ్లు ఇస్తుంది, 35 ఫిల్మ్ మీద అది 4200 డీపీఐకి సమానం, వీ600 కలలో కూడా ఇవ్వలేనిది. ఒకసారి అమర్చుకుంటే గంటలో వంద ఫ్రేములు కొట్టేయొచ్చు. రా ఫైల్‌లోనే, అంటే కెమెరా సెన్సార్ చదివింది చదివినట్టు దాచే ఫైల్‌లోనే తీయమనండి. మూఢం రోజుల్లోనో, ఆషాఢంలోనో ముహూర్తాలు లేక వాళ్లూ ఖాళీగా ఉంటారు, సగం రోజుకు అడిగితే కాదనరు.

నెగటివ్‌ను మామూలు ఫోటోగా తిప్పడం మాత్రం మన పని. నలుపు తెలుపుకైతే రంగు తిరగేస్తే చాలు. రంగుల ఫిల్మ్ మీద నారింజ రంగు పూత ఉంటుంది, అట్లా ఊరికే తిరగేస్తే అంతా నీలంగా వస్తుంది. డార్క్‌టేబుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నెగాడాక్టర్ అని ఒక విభాగం ఉంది, సరిగ్గా దీనికోసమే. మొదటి రెండు ఫోటోలకు విసుగొస్తుంది, తర్వాత చేయి తిరుగుతుంది.

సెకండ్‌హ్యాండ్ చూసేవాళ్లుంటారు, తప్పేం లేదు, స్కానర్ అంతగా అరిగే వస్తువు కాదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అయినా, ఆన్‌లైన్‌లో అయినా అడగాల్సింది ముందు ఫిల్మ్ హోల్డర్లు ఉన్నాయా అని. అవి లేని ఫిల్మ్ స్కానర్ వట్టి ఫోటో స్కానరే, విడిగా దొరకడం కష్టం. తర్వాత మూతలో లైటు వెలుగుతుందా, అద్దం లోపలి వైపు పొగ పట్టినట్టు ఉందా. ఆ తర్వాత డ్రైవర్, అంటే స్కానర్‌ను కంప్యూటర్‌తో నడిపించే సాఫ్ట్‌వేర్. కంపెనీ విండోస్ 11కు డ్రైవర్ ఇవ్వడం ఆపేసిన మోడల్ అయితే వ్యూస్కాన్ అనే సాఫ్ట్‌వేర్ చాలా పాత స్కానర్లను నడిపిస్తుంది, కానీ దానికి విడిగా డబ్బు కట్టాలి. ఉచితంగా పరీక్షించే వీలుంది, కొనే ముందే మీ ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని పోయి అక్కడే కలిపి చూడండి.

కూర్చున్నాక

ఎండాకాలం మధ్యాహ్నం, ఫ్యాన్ కింద, తలుపులు తెరుచుకుని నెగటివ్‌లు స్కాన్ చేయడమంత పిచ్చి పని లేదు. మన దుమ్ము సంగతి తెలిసిందే. నెగటివ్ మీది దుమ్ము స్కాన్‌లో తెల్ల చుక్కలుగా వస్తుంది, 35 ఫ్రేమును పన్నెండు అంగుళాలు చేస్తే ఆ చుక్క కూడా ఎనిమిది రెట్లు పెరుగుతుంది. వానపడ్డాక, ఫ్యాన్ ఆపి, చేత్తో నొక్కే గాలి బుడ్డితో ఊది పెట్టండి. నోటితో ఊదొద్దు, తుంపరలు పడతాయి. కుళాయి నీళ్లతో, బోరు నీళ్లతో కడగొద్దు, ముఖ్యంగా నల్లగొండ దిక్కు బోరు నీళ్లతో. బకెట్టుకే తెల్లటి పొర కట్టే ఆ ఉప్పు ఫిల్మ్ మీద మరకై కూర్చుంటుంది. బూజు పట్టిన నెగటివ్‌కైతే ఏ నీళ్లూ తగలనివ్వకండి, బూజు తిన్నచోట పైపొర మెత్తబడి ఉంటుంది, బొమ్మ కూడా కొట్టుకుపోతుంది.

సెట్టింగ్స్ గురించి ఎక్కువ ఆలోచించాల్సింది లేదు. ఫోటో అంచులకు తనంతట తానే పదును పెట్టే ఆటో షార్పెన్ ఆపేయండి. ముఖ్యమైనవి వివరం పోకుండా దాచే టిఫ్ ఫైలులో, మిగతావి ఎక్కువ నాణ్యత జేపెగ్‌లో. పోస్టుకార్డు ఫోటో 600లో టిఫ్ అయితే 26 ఎంబీ వరకు వస్తుంది, వెయ్యి ఫోటోలు 26 జీబీ, ఒక పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తాయి. ఏ4 అద్దం మీద పోస్టుకార్డు ఫోటోలు మూడు సర్దొచ్చు, రెండు నిలువుగా పక్కపక్కన, ఒకటి అడ్డంగా కింద. సాఫ్ట్‌వేర్ వాటిని విడి ఫైళ్లుగా కోసిస్తుంది, మధ్యలో కొంచెం సందు వదిలితే చాలు. ఫోటో వెనక స్టూడియో ముద్ర, తారీకు, ఎవరో పెన్సిల్‌తో రాసిన పేరు ఉంటే అదీ స్కాన్ చేయండి.

ఫ్యామిలీ గ్రూపులో పెట్టేటప్పుడు మామూలుగా పంపితే వాట్సాప్ దాన్ని నలిపి చిన్నది చేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపండి. లేదంటే రేపు మీ హార్డ్‌డిస్క్ పోయాక చిన్నాయన ఫోన్‌లో మిగిలేది ఆ నలిగిన కాపీయే. గూగుల్ ఫోటోస్‌లో దాచేవాళ్లు ఒరిజినల్ క్వాలిటీ పెట్టుకోవాలి, 15 జీబీ దాటితే డబ్బు కట్టాల్సిందే, 2021 జూన్ నుంచి అన్నీ ఆ లెక్కలోకే వస్తున్నాయి.

వీ600, ప్లస్‌టెక్ లాంటివి తప్పదనుకుంటే అన్నదమ్ములు, మేనత్త పిల్లలు కలిసి ఒకటి కొనండి, ఒక్కో ఇంటికి రెండు నెలలు తిప్పండి, పనైపోయాక అమ్మేయండి. పెట్టె, హోల్డర్లు, బిల్లు పోగొట్టకుండా ఉంటే మంచి ధరే వస్తుంది. నెగటివ్‌లను మాత్రం స్కాన్ అయిపోయింది కదా అని పారేయకండి, వచ్చే స్కానర్‌కు మళ్లీ కావాల్సింది అవే. ఆ చెమ్మ పట్టిన ప్లాస్టిక్ కవర్‌లోంచి తీసి కాగితపు కవర్లలో పెట్టి, రెండు సిలికా జెల్ పొట్లాలు వేసి, సజ్జ మీద కాకుండా బీరువాలో పెట్టండి. పక్కన కలరా ఉండలు వద్దు.